అట్లాస్ సైకిల్: సోనీపత్ రేకుల షెడ్డు నుంచి సాహిబాబాద్ గేటు దాకా

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

గత సంచికలో అద్దె సైకిళ్ళ దుకాణాల గురించి ఈ శీర్షికలో రాసిన నాలుగు మాటలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. వాటిలో సగానికి పైగా ఒక్క అట్లాస్ కంపెనీ గురించే ఉన్నాయి. వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చిన ఒకే రకం ప్రశ్నలను కలిపి ఐదింటిని ఎంచుకున్నాము. ఈ నెల శీర్షిక అంతా వాటికే.

ప్రశ్న: మా నాన్నగారు 1968లో అట్లాస్ సైకిల్ కొన్నారు. ఆయన చివరిదాకా దాన్ని ‘సీమ సైకిలు’ అనే అనేవారు. అది హర్యానా కంపెనీ అని ఇప్పుడు మా అబ్బాయి అంటున్నాడు. ఏది నిజం? అసలు ఆ కంపెనీ ఎలా మొదలైందో చెప్పగలరా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే నిజమండి. అయితే మీ నాన్నగారి మాట కూడా ఊరికే పుట్టింది కాదు. స్వాతంత్ర్యానికి ముందు మన ఊళ్ళలోకి వచ్చిన సైకిళ్ళలో అత్యధికం ఇంగ్లండు సరుకే. రాలీ, హంబర్, హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ వంటి పేర్లన్నీ అక్కడివి. ఆ అలవాటు కొద్దీ మంచి సైకిలంటే సీమ (అంటే ఇంగ్లండు) సైకిలేనన్న మాట ఆ తరం నోట నిలిచిపోయింది. పైగా అట్లాస్ అన్నది గ్రీకు పురాణంలోని ఒక మహాకాయుడి పేరు. హ్యాండిల్ కింద, ముందు గొట్టం మీద బిగించిన బిళ్ళపై అతను భూగోళాన్ని భుజాన మోస్తూ కనిపిస్తాడు. ఆ బిళ్ళను చూసిన వాళ్ళకు అది మన దేశపు సరుకన్న ఆలోచన రాకపోవడంలో వింత లేదు.

రాయ్ బహదూర్ జానకీ దాస్ కపూర్ 1951లో ఈ కంపెనీని స్థాపించారు. స్థలం సోనీపత్. ఢిల్లీకి ఉత్తరాన సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ పట్టణం అప్పటికి పంజాబు రాష్ట్రంలో ఉండేది. 1966 నవంబరులో హర్యానా ఏర్పడ్డాక ఆ రాష్ట్రంలోకి వచ్చింది. మొదట పని జరిగింది ఒక రేకుల షెడ్డులో. ఏడాది తిరిగేసరికి 25 ఎకరాల్లో కర్మాగారం లేచిందనీ, తొలి ఏడాదిలోనే 12,000 సైకిళ్ళు బయటికి వచ్చాయనీ కంపెనీ తన చరిత్రలో చెప్పుకునేది. ఆ కాలపు దేశ పరిస్థితితో పోల్చి చూస్తే ఈ సంఖ్య విలువ తెలుస్తుంది. 1950-51లో దేశం మొత్తం మీద తయారైన సైకిళ్ళు సుమారు లక్ష మాత్రమే. పదేళ్ళు గడిచి 1960-61 వచ్చేసరికి అవి పది లక్షలు దాటాయి, 1970-71కి ఇరవై లక్షలయ్యాయి. విదేశీ సైకిళ్ళ దిగుమతికి లైసెన్సుల అడ్డుకట్ట ఉన్న రోజులవి. కొనేవాళ్ళు కోకొల్లలు, తయారుచేసేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. మద్రాసు శివార్లలోని అంబత్తూరులో టీఐ సైకిల్స్, బెంగాలులోని అసన్‌సోల్ దగ్గర సెన్-రాలీ ఇంగ్లండు కంపెనీల భాగస్వామ్యంతో మొదలయ్యాయి. అట్లాస్‌కు అటువంటి సీమ పెద్దదిక్కు లేదు. ఇక్కడి పెట్టుబడితో, ఇక్కడి పనివాళ్ళతో మొదలై, 1965 నాటికి అది దేశంలోకెల్లా ఎక్కువ సైకిళ్ళు తయారుచేసే కంపెనీగా పేరు తెచ్చుకుంది. 1958లోనే ఎగుమతులు మొదలుపెట్టింది.

మీ నాన్నగారి సైకిల్ ఎలా తయారై ఉంటుందో కూడా చెప్పాలి. ఆనాటి కర్మాగారాల్లో ఉక్కు పట్టీని చుట్టి, అతుకువేసి గొట్టం చేసేవారు. ఆ గొట్టాల కొసలను లగ్గులనే ఉక్కు తొడుగుల్లోకి దూర్చి, ఇత్తడిని కరిగించి ఆ సందుల్లోకి పారించేవారు. ఇత్తడి అంచుదాకా పాకిందా లేదా అన్నది మంటలో ఎర్రబడ్డ లోహపు రంగును చూసి పనివాడు కళ్ళతో తేల్చుకోవలసిందే. ఆ అతుకు సరిగా కుదిరిన ఫ్రేము మీద ఇద్దరు మనుషులు, వెనక క్యారియర్ మీద బస్తా ఎక్కినా అది చెక్కుచెదరదు. ఆ తర్వాత తుప్పు పట్టకుండా రసాయనాల్లో ముంచి తీసి, నల్ల ఎనామిల్ పూసి ఓవెన్‌లో కాల్చేవారు. యాభై ఏళ్ళ నాటి సైకిల్ మీద ఈనాటికీ నలుపు నిగనిగలాడుతూ ఉంటే అది ఆ కాల్పు చలవే.

ప్రశ్న: మా చిన్నతనంలో మా వైపు అట్లాస్ తప్ప మరో సైకిల్ కనిపించేది కాదు. అంత దూరపు కంపెనీ తెలుగు పల్లెల్లోకి ఎలా పాకింది?
— పాఠకురాలు, సత్తుపల్లి

జవాబు: అట్లాస్ తప్ప మరొకటి లేదనడం కాస్త ఎక్కువేనేమోనమ్మా. అంబత్తూరు నుంచి వచ్చిన హెర్క్యులిస్‌కు, ఆ తర్వాత లుధియానా నుంచి వచ్చిన హీరోకు కూడా మన ప్రాంతంలో గట్టి ఆదరణే ఉండేది. మనకు అంబత్తూరు దగ్గర, సోనీపత్ దూరం. అయినా అట్లాస్ ఇక్కడ నిలబడిందంటే కారణం ఆ సైకిల్ ఒడ్డూ పొడవే. 28 అంగుళాల చక్రాలు, 22 లేదా 24 అంగుళాల ఫ్రేము, తీగ బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు, ముందు చక్రానికి 32 పుల్లలు (స్పోకులు), బరువు పడే వెనక చక్రానికి 40. మొత్తం ఇరవై కిలోలకు పైగా తూగే ఆ బండి గతుకుల డొంకదారికి, కాలవగట్టుకు, బరువు మోతకు పుట్టినట్టు ఉండేది. పాల క్యాన్లు, కల్లు కుండలు, బట్టల మూటలు, గడ్డి మోపులు, పెట్టెలో ఐసు పుల్లలు అన్నీ దాని మీదే ఊరూరూ తిరిగాయి.

కొన్నవాడికి అదొక ఆస్తి. పంచాయతీకో మునిసిపాలిటీకో ఏటా పన్ను కట్టి, అంకె వేసిన రేకు బిళ్ళను తెచ్చి బిగించుకోవాలి. దీపం లేకుండా రాత్రిపూట తొక్కితే పోలీసు ఆపుతాడు కనుక డైనమో పెట్టించుకోవాలి. పెళ్ళిమాటల్లో సైకిలు, వాచీ, రేడియో అన్న మూడింటి ప్రస్తావన రాని ఇల్లు ఆ రోజుల్లో అరుదు. మా ఇంట్లో సైకిలు వచ్చిన ఏడాది మా అమ్మ చక్రాల ఇరుసులకు పసుపూ కుంకుమా పెట్టి, ఆయుధపూజనాడు దాని ముందు కొబ్బరికాయ కొట్టడం నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. సీటు అందని వయసులో మేమంతా అడ్డ కడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నది ఆ నల్ల సైకిలు మీదే.

ప్రశ్న: బైకులు, స్కూటర్లు వచ్చాక జనం సైకిల్ తొక్కడం మానేశారు, అందుకే అట్లాస్ మూతపడింది అని అందరూ అంటారు. ఇది నిజమేనా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కర్నూలు

జవాబు: ఇందులో కొంత నిజం ఉంది కానీ, ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. ముందు లెక్కలు చూడండి. 2001 జనగణన ప్రకారం దేశంలో 43.7 శాతం ఇళ్ళలో సైకిల్ ఉంది. 2011 జనగణనలో ఆ సంఖ్య 44.8 శాతం. అదే పదేళ్ళలో మోటారు ద్విచక్రవాహనం ఉన్న ఇళ్ళు 11.7 శాతం నుంచి 21 శాతానికి పెరిగాయి. అంటే బైకు వచ్చి ఇంట్లోంచి సైకిల్‌ను గెంటివేయలేదు, దాని పక్కన నిలబడింది. ఇక 2020 సంగతి మరీ విచిత్రం. అట్లాస్ చివరి కర్మాగారం ఆగిపోయిన ఆ ఏడాదే, లాక్‌డౌన్ సడలిన తర్వాత సైకిళ్ళకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. సైకిల్ తయారీదారుల సంఘం లెక్క ప్రకారం ఆ మే నెలలో నాలుగున్నర లక్షలు అమ్ముడైతే, సెప్టెంబరులో పదకొండు లక్షల పైచిలుకు అమ్ముడయ్యాయి. కొన్ని మోడళ్ళకోసం జనం వారాల తరబడి ఎదురుచూశారు.

మరి మారిందేమిటి? నా ఉద్దేశంలో మారింది సైకిల్ తొక్కే మనిషి. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 మోపెడ్లు, 1985లో హీరో హోండా బైకు వచ్చాయి. ఇంటి యజమాని వాటి మీదికి మారాడు. రోజంతా బరువులు మోసి సంపాదించి పెట్టే పనిముట్టుగా సైకిల్‌ను ఎంచుకునేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. ఆ స్థానంలోకి బడికి పోయే పిల్లలు, రంగులు, గేర్లు కోరుకునే యువకులు, ఆరోగ్యం కోసం తొక్కే పట్నవాసులు వచ్చారు. కంపెనీకి ఈ మార్పు అసలు తెలియదనలేము. రేసింగ్ సైకిల్‌ను 1978లోనే దేశంలో ప్రవేశపెట్టిన ఘనత దానిది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలకు సైకిళ్ళు సరఫరా చేసింది కూడా అదే. కానీ జనం మనసులో అట్లాస్ అంటే నాన్న తొక్కిన నల్ల సైకిలుగానే నిలిచిపోయింది. ఆ నల్ల సైకిల్ ధర కొనేవాడికి పైసలతో సహా తెలుసు. నాలుగు రూపాయలు పెంచితే పక్క దుకాణానికి పోతాడు. ఉక్కు ధర పెరిగిన ప్రతిసారీ ఆ భారాన్ని కంపెనీయే మోయాలి.

రెండో కారణం లుధియానా. పెడళ్ళు, బెల్లులు, పుల్లలు, స్టాండ్లు వంటి చిన్న సామాన్లలో చాలావాటిని ప్రభుత్వం చిన్నతరహా పరిశ్రమలకే కేటాయించిన కాలంలో, వాటిని చేసే వందలాది వర్క్‌షాపులు ఆ ఒక్క పట్టణంలో గుమికూడాయి. వాటి నడిబొడ్డున 1956లో ముంజాల్ సోదరులు హీరో సైకిల్స్‌ను మొదలుపెట్టి, ఉదయం అవసరమైన సామాను ఉదయమే తెప్పించుకుని, గోదాములో సొమ్ము ఇరుక్కోకుండా సైకిళ్ళు బిగించి పంపే పద్ధతిని అలవరచుకున్నారు. 1975 నాటికి దేశంలో మొదటిస్థానం హీరోకు దక్కింది. 1986లో ప్రపంచంలోనే అతిపెద్ద సైకిల్ తయారీ సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఒక్కో సైకిలు మీద మిగిలేది కొద్ది రూపాయలే అయిన వ్యాపారంలో, సామాను చేసేవాడు గోడ పక్కన ఉండటానికీ, రెండు వందల కిలోమీటర్లకు పైగా అవతల ఉండటానికీ ఉన్న తేడా చిన్నది కాదు.

మూడో కారణం మీద ఎవరూ అంతగా మాట్లాడరు కానీ, నేను దానికి ఎక్కువ బరువిస్తాను. 2000 తర్వాత నల్ల సైకిల్‌కు, సాదా లేడీస్ సైకిల్‌కు పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వం. తమిళనాడులో విద్యార్థులకు ఉచిత సైకిళ్ళిచ్చారు. మన ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు ఇచ్చారు. ఆడపిల్లల చదువుకు ఇవి చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఎనిమిదో తరగతితో ఆగిపోవలసిన పిల్లలు పక్క ఊరి హైస్కూలుకు గుంపుగా సైకిళ్ళ మీద పోవడం మనమందరం చూశాము. అయితే తయారీదారు వైపు నుంచి చూస్తే టెండరు వ్యాపారం దారి వేరు. తక్కువ ధర వేసినవాడికే పని దక్కుతుంది, లక్షల సైకిళ్ళు నెలల్లో అందించాలి, బిల్లు సొమ్ము ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేము. ఈలోగా ఉక్కుకూ, జీతాలకూ, బ్యాంకు వడ్డీకీ చేతి డబ్బే ఆడాలి. చేతిలో రొక్కం నిండుగా ఉన్న కంపెనీకి ఇది వరం, లేనిదానికి ఉరి. బీహారులో 2006లో మొదలైన పథకంలో సైకిల్ బదులు బాలిక ఇంటికి డబ్బే ఇచ్చారు. దానితో వాళ్ళు ఊరి దుకాణంలో తమకు నచ్చిన సైకిల్‌ను ఎంచుకున్నారు. పరిశ్రమకూ, ఊరి వ్యాపారికీ, ఎంచుకునే హక్కు దక్కిన ఆ పిల్లకూ అదే మెరుగైన పద్ధతని నా నమ్మకం.

ఇక పతనం క్రమం ఇలా ఉంది. ఒక దశలో ఏడాదికి 40 లక్షల సైకిళ్ళు తయారుచేసే సామర్థ్యం తమకుందని చెప్పుకున్న కంపెనీ, 2014 డిసెంబరులో గ్వాలియర్ దగ్గరి మాలన్‌పూర్ కర్మాగారాన్ని మూసింది. 2018 ఫిబ్రవరిలో పుట్టినిల్లయిన సోనీపత్ కర్మాగారం మూతపడింది. మిగిలింది ఉత్తరప్రదేశ్‌లోని సాహిబాబాద్ ఒక్కటే. 1989లో కట్టిన ఆ కర్మాగారం కూడా 2020 జూన్ 3న ఆగిపోయింది.

ప్రశ్న: ఆ సాహిబాబాద్ కార్మికుల సంగతి ఏమైంది? ‘లేఆఫ్’ అంటే ఉద్యోగం పోయినట్టేనా?
— కార్మిక సంఘం సభ్యుడు, గాజువాక

జవాబు: సాహిబాబాద్ కర్మాగారం ఆగిన 2020 జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2018లో జూన్ 3ను అందుకు ఎంపిక చేసింది. ఆ ఉదయం పనికి వచ్చిన కార్మికులకు గేటు దగ్గర నోటీసు కనిపించింది. కంపెనీ దగ్గర ఉన్న సొమ్మంతా అయిపోయిందనీ, ముడిసరుకు కొనడానికి కూడా డబ్బు లేదనీ, నిధులు సమకూరేదాకా కార్మికులందరూ లేఆఫ్‌లో ఉన్నట్టేననీ అందులో ఉంది. సెలవురోజులు తప్ప ప్రతిరోజూ గేటు దగ్గరికి వచ్చి హాజరు వేయించుకోవాలని కూడా ఉంది. నాలుగు వందల పైచిలుకు మంది శాశ్వత కార్మికులు, వారితోపాటు కాంట్రాక్టు పనివారు ఒక్క కాగితంతో గేటు బయట నిలబడవలసి వచ్చింది.

మీ రెండో ప్రశ్నకు వస్తే, లేఆఫ్ అంటే చట్టం దృష్టిలో ఉద్యోగం పోవడం కాదు. ముడిసరుకు లేకనో, యంత్రం చెడిపోయో, అటువంటి మరో కారణం వల్లనో యజమాని పని ఇవ్వలేని స్థితి అది. ఉద్యోగ సంబంధం తెగదు. అప్పట్లో అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పద్ధతిలో, ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి ఆ రోజులకు మూలవేతనం, కరువుభత్యం కలిపి అందులో సగం చెల్లించవలసి ఉండేది. అయితే కార్మికుడు రోజూ నిర్ణీత వేళకు వచ్చి పనికి సిద్ధంగా ఉన్నానని హాజరు ఇవ్వవలసి ఉండేది. రాని రోజుకు ఆ సగం కూడా వచ్చేది కాదు. గేటు దగ్గర హాజరు అన్న మాట నోటీసులోకి వచ్చింది ఇందుకే. లాక్‌డౌన్ ఇంకా పూర్తిగా తీరని రోజుల్లో, బస్సులు లేని దారిలో, పని లేదని తెలిసీ రోజూ గేటు దాకా పోయి రావడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ పరిహారం మరొకరి బదులు పనిచేసే బదిలీ కార్మికులకూ, క్యాజువల్ కార్మికులకూ వర్తించేది కాదు. కాంట్రాక్టు పనివారి పేర్లు కంపెనీ హాజరుపట్టీలోనే ఉండవు. ముప్పై ఏళ్ళు ఒకే యంత్రం మీద పనిచేసిన మనిషికి, యాభై దాటిన వయసులో, మరో కర్మాగారంలో ఆ నైపుణ్యానికి తగిన పని దొరకడం కష్టం. నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇదే. రిమ్మును వంపు లేకుండా తిప్పి చూసే ఆ చేతుల విలువను లెక్కగట్టే ఖాతా ఎక్కడా లేదు.

మీరు అడగకపోయినా సెన్-రాలీ ఉదంతాన్ని కూడా చెప్పాలి. అసన్‌సోల్ దగ్గరి ఆ కంపెనీ చిక్కుల్లో పడితే కేంద్రప్రభుత్వం 1975లో యాజమాన్య బాధ్యతలను తీసుకుని, 1980లో జాతీయం చేసి, సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాగా మార్చింది. అదీ నిలబడలేదు. కర్మాగారాన్ని ప్రభుత్వం తీసుకున్నంత మాత్రాన గండం గడుస్తుందన్న భరోసా లేదని ఆ అనుభవం చెబుతోంది. అయితే అక్కడ కార్మికులకు కొన్నేళ్ళ వ్యవధి దొరికింది. సాహిబాబాద్‌లో అది కూడా దొరకలేదు.

ప్రశ్న: మా తాతగారి అట్లాస్ సైకిల్ అటక మీద ఉంది. దాన్ని మళ్ళీ నడిచే స్థితికి తేవాలని కోరిక. కంపెనీ లేనప్పుడు సామాన్లు దొరుకుతాయా?
— డిగ్రీ విద్యార్థిని, జనగామ

జవాబు: తప్పకుండా దొరుకుతాయమ్మా. మన దేశపు నల్ల సైకిళ్ళన్నీ ఒకే పాత ఇంగ్లీషు కొలతల మీద తయారైనవి కనుక ఒక కంపెనీ సామాను మరో కంపెనీ సైకిల్‌కు చాలావరకు సరిపోతుంది. 28 అంగుళాల, ఒకటిన్నర వెడల్పు టైరు, ట్యూబు అనండి, పాత సామాన్ల దుకాణంవాళ్ళు వెంటనే అర్థం చేసుకుంటారు. బ్రేకు కట్టెలు, గొలుసు, ఫ్రీవీలు, కాటరు పిన్నులు, ఇరుసులోని బాల్స్ అన్నీ లుధియానా నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. ఫ్రేము, ఫోర్కు, ముందు గొట్టం మీది బిళ్ళ మాత్రం పాతవే ఉంచండి. ఫ్రేముకు కొత్త రంగు వేయించకండి. కిరోసిన్ గుడ్డతో తుడిచి చూస్తే చాలాచోట్ల పాత నలుపు మళ్ళీ తేలుతుంది.

చక్రాల బెండు తీయించడానికి మాత్రం వయసు మళ్ళిన మెకానిక్‌ను వెతుక్కోండి. మా వీధి చివర మెకానిక్ ఆ పని ఎలా చేస్తాడో చెబుతాను, మీరు వెళ్ళినచోట పోల్చుకోవచ్చు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, రిమ్ముకు తాకీ తాకనట్టు సుద్దముక్కను పట్టుకుని చక్రాన్ని తిప్పుతాడు. వంపు ఉన్నచోట సుద్ద గీత పడుతుంది. అక్కడ ఒక వైపు పుల్లను పావు తిప్పు బిగించి, ఎదురు పుల్లను పావు తిప్పు వదులు చేసి, గీతను తుడిచి మళ్ళీ తిప్పుతాడు. సుద్ద ఎక్కడా అంటకుండా చక్రం చుట్టూ తిరిగేదాకా, గంట పట్టినా సరే, అలాగే చేస్తాడు. ఆ తర్వాత ట్యూబులో గాలి కొట్టి ఒక రాత్రి అలాగే వదిలేయండి. తెల్లవారేసరికి గాలి నిలిచి ఉంటే సైకిల్‌ను రోడ్డెక్కించవచ్చు, తగ్గితే ముందు వాల్వ్ ట్యూబు మార్చి చూడండి.